నెహెమ్యా మాస్టారికి భయం

మా ఈత మాస్టారు నెహెమ్యాగారికి భయం. దేనికని అడక్కండి, అడిగితే ఆ ప్రశ్నకి కూడా భయపడేవారు. బల్లికి భయం, కుక్కర్ విజిలుకి భయం, లిఫ్టుకి భయం. ఆకాశంలో విమానం పోతుంటే అది గురిచూసి మా వట్లూరు మీదే పడుతుందేమోనని భయం. అరవై మూడేళ్ళ మనిషి. ఆరడుగుల ఎత్తు, తలుపంత వెడల్పు భుజాలు. అంత శరీరం నిండా భయం నింపుకుని రోజూ పొద్దున్నే అయిదున్నరకల్లా మా కాలేజీ స్విమ్మింగ్ పూల్‌కి వచ్చేవారు.

ఒకసారి ఏలూరులో పోటీలకి పేర్లు ఇవ్వడానికి మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్ళారు. బస్టాండు ముందు రోడ్డు దాటాలి. ఇరవై నిమిషాలు నిలబడ్డారు. ఆటో ఆగితే, వెనక లారీ ఆగలేదనేవారు. లారీ ఆగితే, ఎందుకు ఆగిందో తెలియడం లేదనేవారు. చివరికి ట్రాఫిక్ కానిస్టేబులు జాలిపడి రెండువైపులా బళ్ళన్నీ ఆపేసి, "రండి మాస్టారూ" అని చెయ్యి చాపాడు. మాస్టారు ఒక అడుగు వేసి, వెనక్కి తీసుకున్నారు.

"మళ్ళీ ఏమైందండీ?" అన్నాడు కానిస్టేబులు.

"అందరూ నన్నే చూస్తున్నారండీ. మరీ భయంగా ఉంది."

మేం ఆరుగురు ఆడపిల్లలం, చుట్టూ కోటలా నిలబడి దాటించాం.

బస్సెక్కితే ఇంకా కష్టం. తాడేపల్లిగూడెంలో ప్రాక్టీసు మీట్‌కి వెళ్ళిన రోజు సరిగ్గా డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నారు. "ఏవండీ డ్రైవరుగారూ, మీకు పెళ్ళయిందాండీ?" "అయిందండి." "పిల్లలాండీ?" "ఇద్దరండి." "పాపం చిన్నవాళ్ళే అయ్యుంటారు. కాస్త నెమ్మదిగా పోనివ్వండి." ఇలా ప్రతి కిలోమీటరుకీ. గుండుగొలను వచ్చేసరికి డ్రైవరు బస్సు పక్కకి తీసి, వెనక్కి తిరిగి దణ్ణం పెట్టాడు.

"మాస్టారూ, మీరే వచ్చి నడపండి."

"అమ్మో! స్టీరింగంటే నాకు భయమండీ."

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు పోటీలో ఈదాల్సింది నేనని, పొద్దున టిఫినైనా తినలేకపోయానని ఆ కాసేపూ మర్చిపోయాను. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

నా సంగతి చెప్పాలి. నా పేరు ఐశ్వర్య. మాది తాడేపల్లిగూడెం. మా తాతగారు శ్రీరంగనాయకులుగారికి అక్కడ ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్టు. మా ఇంటావంటా ఈతన్నది లేదు. స్కూల్లో చదివేటప్పుడు ఎవరో నేర్పితే నేర్చుకున్నాను. అందులోనూ నాకు వచ్చింది బ్రెస్ట్‌స్ట్రోక్, అంటే కప్ప ఈత. చేతులు ముందుకి చాచి, కప్పలా కాళ్ళు తన్ని, తల పైకెత్తి ఊపిరి పీల్చి, మళ్ళీ ముందుకి జారడం. యాభై మీటర్లయితే జిల్లాలో నాకు ఎదురులేదు.

పదో తరగతిలో జిల్లా సెలెక్షన్లకి ఎవరో నన్ను రెండు వందల మీటర్లకి రాసేశారు. పొడవాటి పూల్, నాలుగు పొడవులు. నాకు తెలిసింది ఒక్కటే, వేగం. మొదటి యాభై ముప్ఫయ్యెనిమిది సెకండ్లలో వెళ్ళిపోయాను. అందరికంటే ముందున్నాను. రెండో యాభైలో తొడలు బరువెక్కాయి. మూడో యాభై మధ్యలో గొంతు మూసుకుపోయింది. పీలుస్తున్నాను, గాలి లోపలికి రావడం లేదు. కింద నీలంరంగు పలకలు, వాటి మధ్య నల్లగీత. ఆ గీత నన్ను కిందికి లాగుతున్నట్టు అనిపించింది. లేన్ల మధ్య కట్టిన తాడు పట్టుకుని కేకలు పెట్టాను. లైఫ్‌గార్డు దూకి, చంకల కింద చేతులు వేసి లాక్కొచ్చాడు. గట్టు మీద రెండు వందల మంది. కొందరు ఫోన్లలో తీస్తున్నారు.

ఆ తర్వాత స్నానానికి బకెట్టులో నీళ్ళు నిండుతున్న చప్పుడు విన్నా కుళాయి కట్టేసి వచ్చేసేదాన్ని. అర్ధరాత్రి ఊపిరి ఆగినట్టయి లేచి కూర్చునేదాన్ని. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇంటర్‌కి వట్లూరు హాస్టల్లో చేరినప్పుడు నా సర్టిఫికెట్లు చూసి ఈత జట్టులో పేరు రాశారు. వద్దనడానికి కారణం చెప్పాలి. కారణం చెప్పడానికి సిగ్గు. అందుకని రోజూ పొద్దున్నే వెళ్ళి, కాళ్ళయినా తడవకుండా గట్టు చివర కూర్చునేదాన్ని.

మూడో రోజు మాస్టారు వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"నువ్వు కూడా దిగవా అమ్మాయ్? అమ్మయ్య! ఇన్నాళ్ళకి నాకో తోడు దొరికింది."

"మీరు... ఈత మాస్టారు కదండీ?"

"గట్టు మీద మాస్టార్నమ్మా. నీళ్ళలో దిగమంటే మాత్రం నాకు చచ్చేంత భయం. వీళ్ళెవరికీ చెప్పకు."

వారం రోజులు అలాగే ఇద్దరం కూర్చున్నాం. తనకి ఎన్ని భయాలున్నాయో పూసగుచ్చినట్టు చెప్పేవారు. నేను ధైర్యం చెప్పేదాన్ని. ఎనిమిదో రోజు ఉన్నట్టుండి, "ఈ చివర లోతెంతుందో తెలీక నాకు దడగా ఉందమ్మా. ఓసారి దిగి చూసి చెప్తావా?" అన్నారు.

"నాలుగడుగులని గోడ మీద రాసుంది కదండీ."

"రాసినవాడు దిగి చూశాడో లేదో!"

ఆయన మొహం చూస్తే ఏడుస్తారేమో అనిపించింది. దిగాను. నీళ్ళు గుండెల దాకా వచ్చాయి. పళ్ళు కటకటలాడాయి. "నాలుగడుగులేనండీ" అన్నాను. "ఆ మధ్యలోనో?" అన్నారు. నడిచి వెళ్ళాను. "ఆ చివరో?" అన్నారు. ఆ చివర కాలు అందదు. ఈదుకుంటూ వెళ్ళి చెప్పాల్సి వచ్చింది.

మర్నాటి నుంచి నా ట్రైనింగ్ మొదలైంది. నా కంటే ముందు ఆయన బీపీ మొదలైంది. చేతికి బీపీ మిషను పట్టీ కట్టుకుని, మిషను మెడలో వేలాడేసుకుని, నేను ఈదుతుంటే గట్టు వెంట నడిచేవారు. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో ప్రతి స్ట్రోకుకీ తల పైకి వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఆయన గొంతు వినబడేది.

"నూట నలభై అమ్మా! నువ్వలా దూసుకుపోతుంటే నా గుండె ఆగిపోతుంది! నెమ్మది!"

నెమ్మదించేదాన్ని.

"నూట ఇరవై! అమ్మయ్య. ఇదీ స్పీడు. ఇలాగే పో తల్లీ."

నా పక్క లేన్‌లో పెర్సిస్ ఈదేది. యాభై మీటర్ల పోటీ పిల్ల, నోట్లో మాట దాగదు. "నీకు స్టాప్‌వాచ్ ఎందుకే? మాస్టారి రక్తపోటే చాలు" అనేది. నిజంగానే నెల తిరిగేసరికి ఏ వేగానికి ఆయన బీపీ ఎంత చెప్తారో నాకు ముందే తెలిసిపోయేది. మొదటి యాభై నలభై రెండు సెకండ్లు, నూట ఇరవై. ఒక్క సెకండు తగ్గితే నూట ముప్ఫై, గట్టు మీద హాహాకారాలు. పాపం పెద్దాయన ప్రాణం నా కాళ్ళ మీద ఆధారపడి ఉందనుకుంటే ఎవరైనా తొందరపడతారా?

"భయమేసినప్పుడు చేతులు తొందరపడతాయమ్మా" అనేవారు. "నాకైతే అన్నం కలుపుతున్నా తొందరపడతాయి. చేతుల్ని ఆపలేవు. కాళ్ళని నమ్ముకో. తన్నడం పూర్తయి, ఒళ్ళు బాణంలా సాగిందాకా చేతులు కదపకు. నీళ్ళలో ఉన్నంతసేపూ ఊపిరి వదులుతూ ఉండు. లోపలిది ఖాళీ కాకపోతే కొత్తది ఎక్కడ పడుతుంది?"

జిల్లా సెలెక్షన్లలో నా గొంతు ఎందుకు మూసుకుపోయిందో అప్పుడు అర్థమైంది. భయంతో ఊపిరి బిగబట్టి, నిండిన కుండలో నీళ్ళు పోసుకుంటూ వెళ్ళాను.

నీళ్ళలో ఊపిరి వదులుతున్నామో లేదో తెలియడానికి అందరినీ పాట కూనిరాగం తియ్యమనేవారు. ఆరుగురం ఆరు రాగాల్లో బుడగలు వదులుతుంటే, పక్కన మెస్‌లో వంటవాళ్ళు మోటారు కాలిపోతోందనుకుని రెండుసార్లు స్విచ్చి ఆపారు. చేతులు వెనక్కి కట్టుకుని ఉత్త కాళ్ళతో ఈత. యాభై మీటర్లు ఎనిమిదిసార్లు, ప్రతిసారీ లెక్కపెట్టిన స్ట్రోకులే. ఆగకుండా ఎనిమిది వందల మీటర్లు, అందులో చివరి రెండు వందలు అన్నిటికంటే వేగంగా. మూడో యాభై దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ నా గుండెల్లో రాయి పడేది. సరిగ్గా అప్పుడే గట్టు మీద మాస్టారు ఏదో ఒకటి చూసి హడలిపోయేవారు. తూనీగ వచ్చిందనో, మబ్బు పట్టిందనో. నేను తల ఎత్తి ఆయన్ని చూసుకునేలోపు మూడో యాభై అయిపోయేది.

రెండేళ్ళు గడిచాయి. విశాఖపట్నంలో జరిగే రాష్ట్ర పోటీలకి రెండు వందల మీటర్లలో నన్ను ఎంపిక చేశారు. బయల్దేరడానికి రెండు రోజుల ముందు, ఆదివారం మధ్యాహ్నం, మా తాతగారు పంపిన ఉల్లిపాయల సంచి ఇచ్చి వద్దామని ఏలూరులో మాస్టారింటికి వెళ్ళాను. ముందుగా చెప్పలేదు.

సందు మొదట్లోనే గోల. మాస్టారి పక్కింటి ఆడవాళ్ళంతా అరుగులెక్కి కేకలు పెడుతున్నారు. వాకిట్లో నెహెమ్యా మాస్టారు లుంగీ ఎగ్గట్టి నిలబడి ఉన్నారు. ఆయన కుడిచేతిలో, తోక పట్టుకుని, బారెడు పొడవు తాచుపాము. ఎడమచేతిలో కర్రతో దాని తలని దూరంగా పట్టుకుని, "గోనెసంచి మూతి వెడల్పుగా పట్టుకోండమ్మా, కంగారేం లేదు" అని కిందికి దిగిన ఒకావిడతో అంటున్నారు. సొరకాయ లోపల పెడుతున్నట్టు దాన్ని సంచిలోకి జార్చి, మూతి బిగించి, తాడు కట్టారు. చేతులు దులుపుకుని ఇటు తిరిగారు. నన్ను చూశారు.

"అమ్మో! పామమ్మాయ్! పాము!" అని ఒక్క గెంతులో అరుగెక్కేశారు.

నేను కదల్లేదు. అరుగు మీది ఆడవాళ్ళు కూడా ఆయన్ని అయోమయంగా చూశారు. ఆయన కాసేపు అలాగే గుండె పట్టుకుని నిలబడి, లాభం లేదని తెలిసి, "సంచి చెరువుగట్టు దగ్గర వదిలేసి వస్తాను" అని గొణిగి, సైకిలు మీద వెళ్ళిపోయారు.

ఆయన భార్య పుష్పమ్మగారు నన్ను లోపలికి పిలిచి మంచినీళ్ళిచ్చారు.

"ఆయనకి భయమేంటమ్మా!" అని నవ్వారు. "కొల్లేరు లంకల్లో పుట్టిన మనిషి. పాములంటే ఆయనకి పొట్లకాయలే. మా పెళ్ళయిన ఏడాది వరదొస్తే, మా అత్తగారిని, మేకని, నన్ను, ఆ వరసలోనే, వీపు మీద ఎక్కించుకుని ఈది గట్టెక్కించాడు."

"మరి బీపీ అండీ?"

"ఆ మిషన్లో బ్యాటరీలు లేక రెండేళ్ళయిందమ్మా. కొనమంటే, ఎందుకు, అంకెలు నాకొచ్చుగా అంటాడు."

నాకు నవ్వు రావాలి. రాలేదు. హాస్టలుకి తిరిగి వస్తూ లెక్క వేసుకున్నాను. ఇన్నాళ్ళూ భయమంతా ఆయనది, ధైర్యం నాది అనుకున్నాను. ఆయనకి భయం లేదంటే, రెండేళ్ళుగా ఆ పూల్ దగ్గరున్న భయమంతా ఎవరిది? అంతా నాదే. ఒక్క మధ్యాహ్నంలో మొత్తం వచ్చి నా మీద పడింది. ఆ సాయంత్రం ప్రాక్టీసులో మూడో యాభై మధ్యలో ఆగిపోయాను. మాస్టారు గట్టు మీద ఏదో చూసి అదిరిపడబోయి, నా మొహం చూసి ఊరుకున్నారు.

విశాఖపట్నం పూల్ యాభై మీటర్లది. మా పూల్‌కి రెట్టింపు. అవతలి గోడ ఎక్కడో ఉంది. అడుగున అదే నల్లగీత. నా పోటీకి ఇంకా అరగంట ఉంది. స్నానాల గదిలో రెండుసార్లు వాంతి చేసుకుని బయటికొచ్చాను. మా అమ్మ గ్యాలరీలో కూర్చుని చెయ్యి ఊపుతోంది. ఊపడానికి నా చెయ్యి లేవలేదు. మాస్టారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"మీకు భయం లేదని నాకు తెలిసిపోయింది మాస్టారూ. ఇప్పుడెలా?"

ఆయన మెడలోంచి బీపీ మిషను తీసి పక్కన పెట్టారు.

"నేను డ్రిల్లు మాస్టారుగా ఉన్న రోజుల్లో అజయ్ అని ఒక పిల్లవాడుండేవాడమ్మా" అన్నారు. "మంచి ఈతగాడు. పోటీ రోజున నీళ్ళలోకి దూకే దిమ్మ మీదెక్కి, భయమేస్తోంది సార్ అన్నాడు. నేను నలుగురూ వినేలా, నా శిష్యుడివై ఉండి భయమేంట్రా, సిగ్గులేదూ అన్నాను. దూకాడు. గెలిచాడు కూడా. మర్నాటి నుంచి పూల్ వైపు రాలేదు. ఇరవయ్యేళ్ళ తర్వాత భీమడోలులో కనబడ్డాడు. బ్యాంకులో ఉద్యోగం. వాడి పిల్లల్ని కూడా నీళ్ళ దగ్గరికి పోనివ్వడట. సార్, ఆ రోజు నీళ్ళ కంటే మీరంటే ఎక్కువ భయమేసింది అన్నాడు. నవ్వుతూనే అన్నాడులే."

నేను ఈత టోపీ విప్పి మళ్ళీ పెట్టుకున్నాను.

"ఒక్కళ్ళే భయపడితే సిగ్గుగా ఉంటుంది తల్లీ. పక్కన ఇంకొకడు మరీ ఘోరంగా భయపడుతుంటే ఆ సిగ్గు పోతుంది. అది పోతే మిగిలిన భయంతో ఎలాగో ఈదెయ్యొచ్చు. అందుకని..." అని ఆగి, "ఇప్పుడు మాత్రం నిజంగానే భయంగా ఉందమ్మా" అన్నారు. "ఆ దిమ్మ మీద నువ్వొక్కదానివే నిలబడాలి. నేను రాలేను."

గుండె పట్టుకోలేదు. కళ్ళు పెద్దవి చెయ్యలేదు. గొంతు కూడా మామూలుగానే ఉంది. మాస్టారికి నిజంగా భయమేస్తే ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని ఆ రోజే తెలిసింది.

"మూడో యాభైలో అది వస్తుంది" అన్నారు. "రాదని చెప్పను. రానీ. నువ్వు ఊపిరి వదులు, కాళ్ళు పూర్తిగా తన్ను. అంతే నీ పని."

నా పేరు పిలిచారు. నాది ఆరో లేన్. దిమ్మ ఎక్కి, కాలివేళ్ళు అంచుకి బిగించాను. విజిలు. దూకాను.

మొదటి యాభైలో అందరూ నన్ను దాటిపోయారు. పక్క లేన్లలో నురుగు మాత్రమే కనబడుతోంది. నా చేతులు వాళ్ళ వెంట పరిగెత్తబోయాయి. ఆపాను. తన్నాను, జారాను, ఊపిరి వదిలాను. రెండు చేతులూ ఒకేసారి గోడకి తగిలించి తిరిగాను. రెండో యాభై అయ్యేసరికి నేను ఆఖరుదాన్ని. గ్యాలరీలో మా అమ్మ లేచి నిలబడి రెండుచేతులూ తల మీద పెట్టుకోవడం ఒక్క క్షణం కనబడింది.

మూడో యాభైలో అది వచ్చింది. సరిగ్గా మధ్యలో, అదే చోట. గొంతు బిగిసింది. నల్లగీత పైకి లేస్తున్నట్టయింది. తాడు చేతికందేంత దూరంలో ఉంది. పట్టుకుంటే అయిపోతుంది, ఎవరో వచ్చి తీసుకెళ్తారు. గట్టు మీద నుంచి ఎవరి కేకా లేదు. ఆయన నిజంగానే ఊరుకున్నారు. నీళ్ళలో కూనిరాగం మొదలుపెట్టాను. రాగం కాదది, ఏడుపు. ఏడుపైనా బుడగలు బయటికే పోతాయి. ఒక తన్ను. తల ఎత్తాను, గాలి లోపలికి వచ్చింది. ఇంకో తన్ను. భయం ఎక్కడికీ పోలేదు. నాతోపాటే ఈదుతోంది. గోడ వచ్చింది.

చివరి యాభైలో ఒక వింత చూశాను. ముందు దూసుకుపోయిన వాళ్ళు ఒక్కొక్కరే నా వైపు వెనక్కి వస్తున్నారు. నిజానికి వాళ్ళు ఆగిపోతున్నారు, నేను ఆగలేదు. ఒకరిని దాటాను, ఇద్దరిని, ముగ్గురిని, నలుగురిని. గోడ తాకి తల ఎత్తితే బోర్డు మీద మూడు నిమిషాల ఒక్క సెకండు. నాలుగో స్థానం. పతకం లేదు. తాడు మీద చేతులు వేసి, ఈసారి కేకలు పెట్టకుండా, కడుపునిండా ఊపిరి పీల్చుకున్నాను.

మా అమ్మ తువ్వాలు కప్పి, తిట్టి, ముద్దు పెట్టుకుని, మళ్ళీ తిట్టింది. మాస్టారి కోసం చూశాను. మెట్ల మీద లేరు. మా జట్టు దగ్గర లేరు. వెతుక్కుంటూ వెళితే, స్టార్టింగ్ దిమ్మల వెనక కనబడ్డారు.

ఆయన చెయ్యి పట్టుకుని పదేళ్ళ పిల్ల ఒకతి నడిపించుకొస్తోంది. ఎర్రటోపీ. మా జిల్లా కాదు, ఎక్కడి పిల్లో. కళ్ళు ఏడ్చి వాచి ఉన్నాయి. చిన్నపిల్లల యాభై మీటర్ల పోటీకి వాళ్ళ పేర్లు పిలుస్తున్నారు. మా ఆరడుగుల మాస్టారు కాళ్ళు తడబడుతూ, నీళ్ళకేసి చూసి కళ్ళు మూసుకుంటూ, "నన్నొదిలెయ్యకమ్మా, జారిపోతానేమో!" అంటున్నారు.

"ఏం కాదు తాతా. నేల చూసుకుంటూ రండి" అంటోంది ఆ పిల్ల.

నన్ను చూసి ఆగింది. నేనెవరో దానికి తెలియదు. మాస్టారు కూడా నన్నెన్నడూ చూడనట్టే మొహం పెట్టారు.

"అక్కా, ఈ తాతకి నీళ్ళంటే చాలా భయమంట. కాసేపు పట్టుకుంటారా? నేను ఈది వచ్చేస్తాను."

"అలాగేలే, వెళ్ళు" అన్నాను.

ఆయన చెయ్యి నా చేతిలో పెట్టి, ఎర్రటోపీ సర్దుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళి దిమ్మ ఎక్కింది. మాస్టారు ఆ ఎర్రటోపీనే చూస్తున్నారు. గుండె మీద చెయ్యి లేదు, కేకల్లేవు. నా చేతిలో ఆయన చెయ్యి మాత్రం సన్నగా వణుకుతోంది.

ఆ పిల్ల ఈది వచ్చేదాకా నేను వదల్లేదు.